రాయబారమును వినువారు

మన తెలుగువారు ఏ సీమలో కాపురమున్నను, రెండు మూడు తరములు గడచునప్పటికి ఇంటిభాషలో కొన్ని మాటలు జారిపోవుట సహజము. బరంపురమున పెరిగిన పిల్లవానికి ఒడియా అక్షరములు ముందుగా వచ్చును. హోసూరు పిల్లవాడు తమిళమునో కన్నడమునో ముందు దిద్దును. షోలాపురము మగ్గముల పేటలలో పుట్టినవానికి బజారులో మరాఠీయే నోటికి వచ్చును. అయినను వీరిలో ఎవరిని నిద్రలేపి అడిగినను రాయబారమనగా ఏమో చెప్పగలరు. పీతాంబరము కట్టి, నెమలిపింఛము పెట్టి, హార్మోనియము శ్రుతి అందుకొనువరకు ఒక క్షణమాగి, పద్యమెత్తుకొను కృష్ణుడే వారి కన్నులకు రాయబారి. ఒక ప్రభుత్వము మరియొక ప్రభుత్వముతో ఎట్లు మాటలాడవలెనను విషయమున మన జాతికి దొరకిన మొదటి పాఠశాల నాటకపు పందిరియే.

నాకును అదియే పాఠశాల. మా పేటలో దసరా పందిట్లో తెల్లవార్లు కూర్చుండి ‘పడక సీను’ను, ‘రాయబారము సీను’ను ఎన్నిసారులు చూచితినో లెక్కలేదు. పడక సీను మిత్రులను సంపాదించుకొను ఘట్టము. రాయబారము సీను శత్రువుతో మాటలాడు ఘట్టము. రాజ్యతంత్రమంతయు ఈ రెండు రంగములలో ఇమిడినదని అప్పుడనుకొంటిని. పద్యము ముగియగానే ‘వన్స్‌మోర్’ కేకలు లేచెడివి. కృష్ణుడు రాగము మార్చి మరల అందుకొనెడివాడు. దుర్యోధనుడు మీసముపై చేయివేసికొని అంతసేపును ఓపికగా నిలిచెడివాడు. శత్రువు ఇంత ఓపికతో విన్న రాయబారము లోకములో మరియొకటి ఉండదు!

పెద్దవాడనైన తరువాత తిక్కనగారి ఉద్యోగపర్వమును కుదురుగా చదివితిని. చదివినకొలది ఒక సందేహము బలపడెను. పందిట్లో నేను చూచిన రాయబారమునందు మాటలాడువారున్నారు గాని, వినువారు లేరు. భారతములోని రాయబారమునందు సగము పని వినువారిదే. ఈ భేదము చిన్నదని నాకు తోచలేదు. రాయబారమనగా ఇద్దరి నడుమ జరుగు వాక్కలహమని మనము నేర్చుకొంటిమి. నేర్చుకొని, నేటి ప్రభుత్వముల నడవడిని గూడ ఆ కొలతతోనే కొలుచుచున్నాము. ఎవరు గట్టిగా మాటలాడిరి, ఎవరు ఎవరి నోరు మూయించిరి అని చూతుము గాని, ఆ మాటను ఎవరు విన్నారని చూడము.

తిక్కన రాజనీతిని గ్రంథములలో మాత్రమే చదివిన కవి కాడు. 13వ శతాబ్దిలో నెల్లూరేలిన మనుమసిద్ధి కొలువులో ఆయన మంత్రి. అక్కన, బయ్యన అను దాయాదులు మనుమసిద్ధిని గద్దె దింపగా, తిక్కన ఓరుగంటికి పోయి కాకతీయ గణపతిదేవుని సాయమర్థించెనని కాసె సర్వప్ప రచించిన సిద్ధేశ్వరచరిత్రము చెప్పుచున్నది. ఆ కథలో నన్నాకర్షించినది కాకతీయ సైన్యము కదలివచ్చుట కాదు. తిక్కన ఓరుగల్లు చేరిన వెంటనే తన కోరికను బయట పెట్టలేదు. ముందు ఆ సభలో భారతము వినిపించినాడు, పరమతస్థులతో వాదించినాడు, కొలువు తనను గౌరవించిన తరువాతనే పనిమాట ఎత్తినాడు. ఇందులో చరిత్ర ఎంతయో, కల్పన ఎంతయో చరిత్రకారులు తేల్తురు గాక. రాజ్యము పోగొట్టుకొన్న చిన్న రాజు పక్షమున, తనకంటె ఎన్నో రెట్లు పెద్దదైన కొలువులో నిలిచి మాటలాడుట ఎట్టిదో ఎరిగినవానిగా తెలుగుదేశము తిక్కనను జ్ఞాపకముంచుకొన్నది. ఆ యింటివారికి రెండవ అనుభవమును కలదు. పుల్లరి విషయమున కాటమరాజుతో మాటలు కుదురక యుద్ధము రాగా, తిక్కన జ్ఞాతియైన ఖడ్గతిక్కన అందు మరణించెనని కాటమరాజు కథ పాడువారు చెప్పుదురు. పశువులు మేసిన గడ్డికి లెక్క తేలక ఒక వీరుడు నేలకొరగినాడు. రాయబారము ఫలించుటయు, ఫలించకపోవుటయు రెండును చూచిన కుటుంబము నుండి ఉద్యోగపర్వము మనకు వచ్చినది.

ఆ పర్వములో మొదటి రాయబారి కృష్ణుడు కాడు, ద్రుపదుని పురోహితుడు. ఈ బ్రాహ్మణుని పందిట్లో ఎవరును చూచి యుండరు. ఆయనకు మంచి పద్యములు దక్కవు, ఆయనకు కిరీటము లేదు. కాని ద్రుపదుడాతనిని పంపునపుడు చెప్పిన మాటలు రాజ్యతంత్రమునకు మొదటి పాఠము. దుర్యోధనుడు వినడని ద్రుపదునికి తెలియును. అయినను పొమ్మనుచున్నాడు. ఎందుకనగా, ధర్మముగా పలికిన మాట భీష్మద్రోణకృపుల మనస్సులకు తగులును. విదురుడు దానిని బలపరచును. మంత్రులు ఒకటనగా యోధులు వేరొకటందురు. వారిని మరల ఒక్క త్రాటికి తెచ్చుకొనుటకు దుర్యోధనునికి దినములు పట్టును. ఈలోపల పాండవులు సైన్యములను కూర్చుకొందురు. మాట ఒకనికి చెప్పవలసినది, చెవి మరియొకరిది. ఇది కపటమందురా? కొంత కపటమే. కాని ఆ కపటము పారుటకు మాట ధర్మమైనదిగా ఉండి తీరవలెను. తప్పుడు మాటతో భీష్ముని మనస్సును కదలింపలేము గదా.

ఇక మిత్రుల సంగతి. పడక సీనులో మనకు కనబడునది ఇంతే: దుర్యోధనుడు ముందు వచ్చి తలదిక్కున కూర్చుండెను, అర్జునుడు వెనుక వచ్చి పాదములకడ నిలిచెను, కృష్ణుడు కన్నులు తెరచి అర్జునుని ముందు చూచెను, ఒకరికి సైన్యము, ఒకరికి ఆయుధము పట్టని కృష్ణుడు. ప్రేక్షకుడు నవ్వుకొని, దుర్యోధనుడు మోసపోయినాడనుకొని, తాంబూలము విప్పుకొనును. భారతకథ ఇంతటితో ఆగదు. దాని కిరుప్రక్కల మరి మూడు కథలున్నవి. ఆ మూడును లేనిదే పడక సీనునకు అర్థము సగమే.

ఒకటి శల్యుని కథ. మాద్రేయులకు మేనమామ అగు శల్యుడు పాండవులకు తోడ్పడవలెనని సేనతో బయలుదేరినాడు. దుర్యోధనుడు త్రోవ పొడవున విడుదులు కట్టించి, విందులు సిద్ధము చేయించినాడు. ఈ ఉపచారము ధర్మరాజుదే అనుకొని శల్యుడు సంతోషించి, చేసినవానికి వరమిత్తునన్నాడు. దుర్యోధనుడు చాటునుండి వెలుపలికి వచ్చి తన పక్షమున యుద్ధము చేయుమని కోరుకొన్నాడు. మాట తప్పలేక శల్యుడు అటు చేరినాడు. విందుతో కొన్న మైత్రి! దాని వెల కర్ణపర్వమున తెలియును. కర్ణుని రథమునకు సారథియై కూర్చుండి, అడుగడుగున అతని గుండె దిగజార్చినవాడు ఈ శల్యుడే. శత్రువు రథమును అర్జునుని బాణము విరుచుటకు ముందే మిత్రుని నాలుక విరిచినది.

రెండవది రుక్మి కథ. అతడు గొప్ప సేనతో పాండవుల శిబిరమునకు వచ్చి, భయపడుచుంటివేని నీకు సాయము చేయుదునని అర్జునునితో అన్నాడు. అర్జునుడు నవ్వి వద్దన్నాడు. అతడే దుర్యోధనుని కడకు పోయి ఆ మాటయే అన్నాడు. దుర్యోధనుడును వద్దన్నాడు. రెండు పక్షములును ఏకాభిప్రాయమునకు వచ్చిన సందర్భము ఉద్యోగపర్వములో ఇదొక్కటియేనేమో! నిన్ను రక్షించుటకు వచ్చితినని చాటుకొను మిత్రుడు ఎంత బలవంతుడైనను భారమే. పెద్దరాజ్యముల గొడుగుక్రింద నిలిచి సంధిపత్రములు వ్రాసికొన్న చిన్నరాజ్యములవారు రుక్మి కథను చదువుకొనియుండిన బాగుండెడిది.

మూడవది బలరాముడు. ఉపప్లావ్యమున జరిగిన మొదటి సభలోనే ఆయన, జూదమాడి ఓడినది ధర్మరాజే గనుక మన దూత వినయముగా మాటలాడవలెననెను. సాత్యకి మండిపడి లేచెను. ఒకే కులమువారు, ఒకే పక్షమున కూర్చున్నవారు, నిండుసభలో తగవులాడిరి. మిత్రపక్షము లోపల నుండు ఈ పగులును దాచకుండుట నాకు గొప్పగా తోచును. తరువాత బలరాముడు ఇరువురిలో ఎవరివైపును పోరనని తీర్థయాత్రకు వెళ్లెను. 1961లో బెల్‌గ్రేడులో కూడిన తటస్థరాజ్యముల నాయకులను తలచుకొన్నపుడెల్ల నాకు బలరాముడు జ్ఞాపకమునకు వచ్చును. తటస్థుడు యుద్ధమునకు రాడు గాని, యుద్ధము ముగియువేళకు గదాయుద్ధము న్యాయముగా జరిగెనా లేదా అని తీర్పు చెప్పుటకు తప్పక వచ్చును. అందుచేత తటస్థుని చెవిని గూడ లెక్కలో వేసికొనవలెను. కృష్ణుడు వేసికొన్నాడు, భీముడు వేసికొనలేదు.

రెండవ రాయబారి సంజయుడు. ధృతరాష్ట్రుడు పంపిన ఈ రాయబారమును నేను చూచిన ప్రదర్శనలలో సగమునకు సగము కోసివేసెడివారు. కారణము గ్రహింపదగినదే. అందులో వీరరసము లేదు. కాని నీచమైన రాయబారము ఎట్లుండునో తెలిసికొనుటకు ఇంతకంటె మంచి పాఠము లేదు. ముసలిరాజు ఏమి ఇయ్యదలచెనో చెప్పడు. అసలు ఇయ్యదలచనే లేదు. యుద్ధము చెడ్డది, బంధువులను చంపుకొని ఏలు రాజ్యమెందుకు, నీవు ధర్మాత్ముడవు గనుక ఓర్చుకొనుము అని మాత్రము చెప్పి పంపినాడు. శాంతి అను మాట ఉన్నది, శాంతికి ఖరీదు లేదు. ఎదుటివాని మంచితనమునే ఎదుటివానికి సంకెలగా తొడుగు యత్నమిది. ధర్మరాజు దానిని ఎరుగక కాదు. ఎరిగియే, కోపము తెచ్చుకొనక, తన కోరికను తగ్గించి తగ్గించి ఐదూళ్లకు దింపినాడు.

ఈ ఐదూళ్ల విషయమున ఒక్క నిమిషము నిలువవలెను. పందిట్లో ఇది ధర్మరాజు మెతకతనమునకు గుర్తు. ఐదుగురన్నదమ్ములకు ఐదూళ్లట అని ముసలమ్మలు కన్నీరు పెట్టుకొనెడివారు. చదివి చూచినచో ఆ జాబితా మెతకవాడు వ్రాసినది కాదు. అందులో వారణావతమున్నది. లక్కయిల్లు కట్టి పాండవులను కాల్చదలచిన ఊరది. ఆ పేరు సభలో వినబడగానే విన్నవారందరికి ఏమి జ్ఞాపకమునకు వచ్చునో ధర్మరాజునకు తెలియును. ఐదవ ఊరికి పేరు పెట్టలేదు. మీకు తోచినది ఇండని ఎదుటివాని ఇష్టమునకు విడిచినాడు. నాలుగూళ్లు నేను కోరినవి, ఐదవది నీవిచ్చినది. ఇచ్చితినను గౌరవము దుర్యోధనునికి మిగులవలెను గదా! సంధి కుదుర్చుకొనదలచినవాడు శత్రువునకు తలవంచుకొనక వెలుపలికి వచ్చుటకొక ద్వారము తెరచియుంచును. ఆ ద్వారమే పేరులేని ఐదవ ఊరు.

సంజయుడు హస్తినకు తిరిగివచ్చిన రాత్రి గొప్ప నాటకము. అతడు రాజునొక్కనినే చూచి, నీవు చేయుచున్నది తప్పని నాలుగు మాటలని, పాండవుల సందేశమును రేపు సభలోనే చెప్పుదునని యింటికి పోయెను. ముసలిరాజునకు నిద్రపట్టలేదు. విదురుని పిలిపించుకొని తెల్లవార్లు నీతులు వినెను. సందేశమును ఏకాంతమున ఇచ్చివేసిన, రాజు దానిని మడిచి దాచుకొనగలడు. సభలో చెప్పిన దాచలేడు. రాజుగారి సొంత దూతయే ఈ సంగతి ఎరిగియుండుట చూడుడు.

ఇప్పుడు కృష్ణుడు బయలుదేరుచున్నాడు. శాంతికై పోవుచున్నవాడు సాత్యకితో శంఖచక్రగదలను రథమున పెట్టుమన్నాడు. ద్రౌపది జుట్టు చూపి మాటలాడిన ఘట్టము మనకందరకు కంఠపాఠము. దానిని గూర్చి నేను క్రొత్తగా చెప్పవలసినది లేదు. హస్తినలో ధృతరాష్ట్రుడు రథములు, ఏనుగులు, దాసీజనము కానుకగా ఇచ్చి కృష్ణుని సంతోషపెట్టుదునని లెక్క వ్రాయించినాడు. విదురుడు ముఖముమీదనే, ఐదూళ్లడిగినవారికి ఐదూళ్లీయవు, దూతను మాత్రము కొనజూచుచున్నావనెను. దుర్యోధనుడింకొక అడుగు ముందుకు వేసి, ఇప్పుడు కానుకలిచ్చిన భయపడి ఇచ్చినట్లుండును, ఆతని పట్టి కట్టివేయుదమనెను. భీష్ముడు లేచి పోయెను. కృష్ణుడు ఇంకను ఊరు చేరనేలేదు. అప్పుడే వినువారిలో ఒకరు లేచిపోయినారు.

దుర్యోధనుని ఇంట కృష్ణుడు భోజనము చేయలేదు. దూత తన పని నెరవేరిన తరువాతనే భుజించుననెను. ఇంకను అడుగగా, అన్నము ప్రీతిచేత గాని ఆపదచేత గాని తినవలెను; నీకు ప్రీతి లేదు, నాకు ఆపద లేదనెను. శల్యుడు తిన్న విందును, కృష్ణుడు తినని విందును ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. ఉద్యోగపర్వమంతయు ఈ రెండు విస్తరుల నడుమ నున్నది.

ఆ రాత్రి విదురుడు, వీరు వినరని తెలిసియు ఎందుకు వచ్చితివని అడిగెను. కృష్ణుడు దాచక చెప్పినాడు. ఆపగలిగియుండి ఆపలేదని రేపెవ్వరును అనకూడదు. యత్నించి విఫలుడైనను యత్నించిన ఫలము పోదు. మరునాడు సభలో కూర్చున్నది దుర్యోధనుడొక్కడు కాడు. భీష్మద్రోణులున్నారు, దేశదేశముల రాజులున్నారు, నారద పరశురామ కణ్వాదులైన ఋషులున్నారు. ఈ ఋషులు కథలు చెప్పిరి. కణ్వుడు చెప్పుచుండగా దుర్యోధనుడు తొడ చరచుకొనెను. గాంధారిని గూడ పిలిపించిరి. తల్లి బుద్ధి చెప్పినను వినక కుమారుడు లేచిపోయెను. ఆ తరువాత కృష్ణుని కట్టుటకు పన్నాగము, సాత్యకి దానిని పసిగట్టుట, విశ్వరూపము. పందిట్లో విశ్వరూపమునకు రంగురంగుల దీపములు వెలుగును. నాకు మాత్రము విశ్వరూపముకంటె దానికి ముందు జరిగిన సంగతియే పెద్దదిగా కనబడును: తనను కట్టుటకు యత్నించుచున్నారని తెలిసిన రాయబారి, ఆ మాటను చెవిలో ఉంచుకొనక, సభలో అందరు వినగా ధృతరాష్ట్రునికి చెప్పినాడు. దుర్యోధనుడు సూదిమొన మోపినంత నేల ఇయ్యనని అప్పటికే పదిమందిలో పలికియున్నాడు. ఆ మాటను తిరిగి తీసికొనుటకు అతనికి త్రోవ లేదు. పదిమంది ఎదుట పలికిన పంతము పలికినవానికే సంకెల.

రాయబారము విఫలమైనదని పందిరి చెప్పును. విఫలమైనదా? తిరుగుత్రోవలో కృష్ణుడు కర్ణుని రథమెక్కించుకొని, నీవు కుంతీపుత్రుడవని చెప్పినాడు. కర్ణుడు రాలేదు గాని, ఈ రహస్యము ధర్మరాజునకు చెప్పవలదని కోరెను. తరువాత కుంతి వచ్చి అడుగగా అర్జునుని తప్ప తక్కిన నలుగురిని చంపనని మాట ఇచ్చెను. భీష్ముడు సేనాపతియైనను పాండుపుత్రులను చంపననెను. శల్యుడు కర్ణుని కుంగదీయుటకు ముందే ఒప్పుకొనియుండెను. యుద్ధారంభమున ధర్మరాజు, మా వైపు రాదలచినవారు రావచ్చునని కేకవేయగా, ధృతరాష్ట్రుని కొడుకే అయిన యుయుత్సుడు వచ్చెను. పదునొకండక్షౌహిణుల సేనకు నాయకులందరు చేతులకొక సంకెల తొడిగికొనియే యుద్ధమునకు వచ్చిరి. ఆ సంకెలలన్నియు రాయబారమే వేసినదనను. భీష్ముని ప్రేమ పాతది, కర్ణుని జన్మ పాతది. కాని అవి నోట మాటలై వెలువడినది ఈ దినములలోనే. కృష్ణుడు ఉపప్లావ్యమునకు తిరిగివచ్చి, సామము, భేదము, దానము మూడును ప్రయోగించితిననియు, ఇక దండమే మిగిలినదనియు నివేదించినాడు. అందులో కర్ణునితో చేసిన యత్నము నిర్మలమైన శాంతియత్నమని నేననను. కర్ణుడు కదలియున్న యుద్ధము ఆగియుండును, కదలకున్న కర్ణుని చేయి వణకును. రెండు విధముల లాభమే. కృష్ణుని భక్తులు ఈ మాటకు కోపింతురేమో. తిక్కన మంత్రి గనుక కోపింపడని నా నమ్మకము.

ఈ కొలతతో మన కాలపు సంగతి నొకదానిని చూడవచ్చును. అది మన పాఠకులలో యానాము వారికి ఇంటి సంగతి. స్వతంత్రభారతమునకు విదేశీయుల చేతిలోనున్న రెండు రకముల నేలలు మిగిలినవి: ఫ్రాన్సు చేతిలో పుదుచ్చేరి, కారైకాలు, మాహే, యానాము, పోర్చుగల్ చేతిలో గోవా, డామను, డయ్యు. ఒకే ప్రభుత్వము, ఒకే ప్రధాని, రెండు ఫలములు. ఫ్రాన్సుతో ఏండ్ల తరబడి మాటలు నడచినవి. 1954 అక్టోబరు 18న కీళూరులో ప్రజాప్రతినిధులు 178 మంది ఓటు చేయగా 170 మంది భారతమున చేరుటకు ఒప్పుకొనిరి. నవంబరు 1న పాలన చేతులు మారెను. 1956 మే 28న సంధిపత్రమునకు సంతకములైనవి. ఫ్రెంచి శాసనసభ దానిని ఆమోదించి, అది పూర్తిగా అమలులోనికి వచ్చుట 1962 ఆగస్టు 16న. నడుమ ఆరేండ్లు! ఆ ఆరేండ్లలో ఢిల్లీ తొందరపడలేదు. ప్రజాప్రతినిధులు వేరుగా నిర్ణయించువరకు ఫ్రెంచి అధికారభాషగా ఉండుననికూడ ఆ పత్రములో ఒప్పుకొనిరి. ఓటిచ్చినది ప్రజలు, నేలనిచ్చినది ఫ్రాన్సు, తీసికొన్నది భారతము. ఎవరి తలయు వంగలేదు. పేరులేని ఐదవ ఊరు ఇదియే. 1954 మేలో ఇండోచైనాలో ఫ్రాన్సు ఘోరముగా ఓడియుండెననియు, తీపిమాటలకు ఆ దెబ్బ తోడ్పడెననియు కూడ చెప్పకపోవుట న్యాయము కాదు.

పోర్చుగల్ తీరు వేరు. 1951లో తన రాజ్యాంగమును సవరించి, వలసలను సముద్రాంతర రాష్ట్రములని పిలిచెను. గోవా మాకు వలస కాదు, పోర్చుగల్‌లో భాగమే. భాగమును గూర్చి మాటలెట్లని ప్రశ్న. పదిమందిలో పలికిన సూదిమొన మాట ఇట్టిదే. దానితో ఆ ప్రభుత్వము తన నోటికే తాళము వేసికొన్నది. 1953లో లిస్బనులోని భారత దౌత్యకార్యాలయమును మూసివేసిరి. 1955 ఆగస్టు 15న గోవాలో ప్రవేశించిన సత్యాగ్రహులపై తుపాకులు ప్రేలినవి. 1961 డిసెంబరులో భారతసైన్యము నడచెను. రెండు దినములలో పని ముగిసెను. అప్పుడు భద్రతామండలిలో, భారతము సేనలను వెనుకకు తీయవలెనను తీర్మానమునకు ఏడు ఓట్లు వచ్చినవి, నాలుగు ఎదురుపడినవి. సోవియట్ రష్యా నిషేధాధికారముతో అది వీగిపోయినది. తక్కిన మూడు ఓట్లు సింహళము, లైబీరియా, ఐక్య అరబ్ రిపబ్లిక్కులవి. పోర్చుగల్‌తో ఆరువందల యేండ్ల నాటి సంధియున్న బ్రిటన్ తన ఓటునిచ్చెను గాని ఓడలనీయలేదు. అది విందు తిన్న శల్యుని మైత్రి వంటిది కాదు. ఎక్కడ ఆగవలెనో ఎరిగిన మైత్రి.

గోవాను తీసికొనుట తప్పని నేననను. తమదైన నేలను అడిగినవారు పదునాలుగేండ్లు అడిగిరి. నాకు కొరతగా తోచునది వేరు. హస్తినలో సభ ముగియునప్పటికి తప్పెవరిదో అక్కడి రాజులందరికి తెలిసియుండెను. 1961లో మన ప్రభుత్వము సేనను కదలించునప్పటికి, పడమటి రాజ్యముల చెవులకు మన కథ ఎక్కలేదు. అన్ని సభలలో శాంతిని గూర్చి దీర్ఘముగా ఉపన్యసించిన మనము, గోవా కథను మాత్రము వినవలసినవారికి వినవలసిన విధమున వినిపింపలేదు. పద్యము బాగుగానే పాడితిమి. సభను కూర్చుకొనలేదు. పందిట్లో నేర్చిన రాయబారము అక్కడ కనబడుచున్నదని నా అభిప్రాయము.

ఇందుకు తిరుపతి వేంకటకవులను నిందించుట నా ఉద్దేశము కాదు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు బాల్యమున యానాములో పెరిగి చదువుకొన్నవారు. పరప్రభుత్వపు నీడ ఎట్టిదో వారికి ఒకరు చెప్పవలసిన పనిలేదు. జంటకవులు పాండవుల కథను వరుసగా నాటకములుగా వ్రాసిరి. పాండవోద్యోగమును, పాండవవిజయమును కలిపి కంపెనీలవారు ఒక రాత్రికి కుదించిరి. కుదించునపుడు కోతపడినది వినువారి పాత్ర. భీష్మద్రోణులు తెరవెనుక చుట్ట కాల్చుకొనుచుండగా కృష్ణదుర్యోధనులిద్దరే రంగముపై మిగిలిరి. ఈలపాట రఘురామయ్యగారి కంఠమును, పీసపాటి నరసింహమూర్తిగారి పద్యమును విన్నవారికి ఆ కోత బాధింపలేదు, నన్నును బాధింపలేదు. బళ్లారి రాఘవగారు మాత్రము పాట నటనను మ్రింగివేయరాదని తన జీవితమంతయు చెప్పుచువచ్చిరి. బళ్లారి తెలుగువారు ఆయనను సగర్వముగా తలచుకొందురు గాని, ఆయన మాటను ఆచరణలో పెట్టిన పందిరిని నేనక్కడ గూడ చూడలేదు.

మన సంఘములు ఇప్పటికిని ఏడాదికొకసారి రాయబారము ఆడుచున్నవి. పిల్లలకు తెలుగు పద్యము వినబడునది ఆ ఒక్క రాత్రియే. ఆడువారికి నాదొక మనవి. సభలో నలుగురైదుగురు పిల్లలను రాజులుగా కూర్చుండబెట్టుడు. వారికి మాటలక్కరలేదు, కృష్ణుడు పలుకునపుడు దుర్యోధనుని వైపు చూచిన చాలును. భీష్ముని లేచి పోనిండు. సంజయుని రాత్రిని ఒక పావుగంట ఉంచుడు. వన్స్‌మోరులలో రెండింటిని తగ్గించినచో, కర్ణుడు రథమెక్కు ఘట్టమునకు వ్యవధి దొరకును. అప్పుడు హార్మోనియము ఆగవలెను. ఆ యిద్దరు మాటలాడుకొనునది మరెవ్వరును వినరానిది.